దూరమా, దగ్గరా

సంచీ అడుగున కోటిరత్నం ముందు తువ్వాలు పరిచింది. దాని మీద లుంగీ, ఉతికిన చొక్కా. ఆ పైన స్టీలు డబ్బా. డబ్బాలో పులిహోర, చిన్న గిన్నెలో గోంగూర పచ్చడి. పక్కన నీళ్ళ సీసా. అన్నిటికన్నా పైన, చెయ్యి పెట్టగానే తగిలేటట్టు, బీపీ బిళ్ళల షీటు.

పత్తి రోజుల్లో, ఊరూరా తిరిగి బేరాలు చేసే భర్త మాలకొండయ్య పొద్దున్నే కారెక్కితే ఏ పూటకు తిరిగొస్తాడో చెప్పలేం. బేరం కుదిరితే ఏ రైతు వసారాలోనో పడుకుని, తెల్లారి కాటా పెట్టించి, బోరాలు లారీకెత్తించి మరీ వస్తాడు. అందుకే ఒక్క పూట ప్రయాణానికైనా ఆమె రెండు రోజుల సంచీ సర్దుతుంది. సర్దిన సంచీ చేతికివ్వదు. గడప పక్కన పెడుతుంది. ఎప్పుడొస్తావని అడుగుతుంది గాని, ఎక్కడికని అడగదు. చిన్నప్పుడు వాళ్ళన్నను ఒకసారి అడిగింది. ఆ తరవాత ఎవరినీ అడగలేదు.

ఆ సోమవారం వాకిట్లో కూతురు భవ్య కారులోకి వంగి, ముందు అద్దం కింద ఫోను నిలబెట్టే పట్టీ బిగిస్తోంది. గుంటూరులో ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది భవ్య. కారులో తిరుగుతూ ఉద్యోగం చేసుకునే వాళ్ళ కోసం ఆ కంపెనీ ఒక యాప్ తయారు చేస్తోంది. ఫోను ముట్టుకోనక్కర్లేదు. నోటితో చెబితే చాలు, ఫోన్లు కలుపుతుంది, చెప్పిన మాట రాసి పెడుతుంది, మరిచిపోయిన పని గుర్తు చేస్తుంది. దాన్ని తెలుగులో మాట్లాడించే పని భవ్యది. గొంతు కూడా భవ్యదే.

"అమ్మాయ్, ఇది నాతో మాట్లాడుద్దా, నేనే దీంతో మాట్లాడాలా?" అన్నాడు మాలకొండయ్య, కండువాతో స్టీరింగు తుడుస్తూ.

"ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. నువ్వు ముందు దాని పేరు పిలవాలి నాన్నా."

కంపెనీ వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరు అతనికి నోరు తిరగలేదు. రెండుసార్లు ప్రయత్నించి, "ఇదంతా నా వల్ల కాదు గాని, నేను అమ్మాయ్ అనే పిలుస్తా. పలికితే పలుకుద్ది, లేకపోతే లేదు" అన్నాడు. భవ్య నవ్వి, అతని ఫోనులో ఆ పేరే పెట్టింది.

కోటిరత్నం కారు ఎడమ తలుపు వైపు చూసింది. కిందటి నెల ఒంటి చేత్తో ఫోనులో నంబరు కొడుతూ, ముందు వెళ్ళే ట్రాక్టరును గీరుకున్న సొట్ట అది. ఫోను కాకపోతే పెన్ను. రైతు చెప్పిన ధర మరిచిపోతానేమోనని, కారు నడుస్తుండగానే ఎడమ అరచేతిలో రాసుకునేవాడు. అన్నానికి కూర్చునే ముందు సబ్బు పెట్టి ఎంత రుద్దినా ఆ సిరా పోయేది కాదు. ఆ చేతిని చూసినప్పుడల్లా ఆమెకు అన్నం సయించేది కాదు. ఈ ఫోను మాట్లాడితే మాట్లాడింది, అతని రెండు చేతులూ స్టీరింగు మీద ఉంటే చాలు. మనిషి సాయంత్రానికి ఇంటికొస్తే చాలు.

"పోయొస్తానే" అన్నాడు మాలకొండయ్య. తాళం తిప్పాడు.

ఫోను వెలిగింది. "నమస్కారం. ఈ రోజు ఎక్కడికి వెళ్తున్నారు?" అంది, అచ్చం భవ్య లాగా.

కోటిరత్నం తెరిచిన గేటు మళ్ళీ వేసేసింది.

మాలకొండయ్య ఇంజను ఆపేశాడు. దిగి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, వసారా బల్ల మీద కూర్చున్నాడు. ఆమె చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను సగం తాగి చెంబు కింద పెట్టాడు.

"ఏమైంది నాన్నా?" భవ్య పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందా? గడప దాటే వాణ్ణి ఎక్కడికని అడుగుద్దా ఎవరన్నా?"

"అడిగింది ఫోను. మనిషి కాదుగా!"

"గొంతు నీదేగా" అంది కోటిరత్నం. "కన్నబిడ్డ గొంతుతో అడిగించావు కదే, పొద్దున్నే."

మాలకొండయ్య మళ్ళీ లేచి వెళ్ళాడు. ఈసారి ఫోను తిప్పి బోర్లా పెట్టి బయల్దేరాడు.

మధ్యాహ్నం భవ్య కంప్యూటరు ముందు నుంచి లేచొచ్చింది. మొహం వాడిపోయి ఉంది. యాప్‌ని ఇంకొంత మందికి ఇచ్చి చూస్తున్నారు కంపెనీ వాళ్ళు. మందుల కంపెనీ మనిషి, ఇన్సూరెన్సు ఏజెంటు, గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారి. అందరూ ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆపేస్తున్నారట. ఎందుకు ఆపారో రాసివ్వమంటే ఎవరూ రాయలేదట. కంపెనీ పెద్ద శ్యామ్ సుందర్ సార్‌కి తల పగిలిపోతోందట.

"రాయడానికి సిగ్గుపడ్డారు. నన్నడిగితే నేను చెప్పేదాన్ని" అంది కోటిరత్నం, పచ్చిమిరపకాయల తొడాలు తీస్తూ. "అసలు ఎక్కడికని దానికెందుకు?"

"ఊరు తెలిస్తే పనులు దారి ప్రకారం వరసగా పెడుతుందమ్మా. పోనీ అడగకుండా, కారు ఎక్కడుందో దానంతటదే చూసుకునేటట్టు పెడదామా అంటే, నాన్న ఒప్పుకోడు."

ఒప్పుకోడు మరి. ఆ సంగతి మాలకొండయ్య ముందు రోజే తేల్చి చెప్పాడు. పత్తి ఏ ఊళ్ళో మంచిదుందో తెలిసిన వాడు ఆ ఊరి పేరు కాటా పెట్టేదాకా నోటి వెంట రానివ్వడు. లారీ తోలే పీరుకి కూడా బేరం తెగాకే ఫోను చేస్తాడు. "నేను ఏ ఊళ్ళో ఉన్నానో నీ కంపెనీకి తెలిస్తే, తెల్లారేసరికి అక్కడ నలుగురు బేరగాళ్ళు వాలతారు. ఆ చుక్కల పటం తీసెయ్ అమ్మా" అన్నాడు. భవ్య తీసేసింది.

కోటిరత్నం ఇంకో గుప్పెడు మిరపకాయల తొడాలు తీసింది. తరవాత అంది: "మా అమ్మ, నాయన బయల్దేరేటప్పుడు ఇంకో రకంగా అడిగేది. దూరమా, దగ్గరా అని. అంతే. దూరమంటే పులిహోర కట్టేది. దగ్గరంటే మజ్జిగ ఇచ్చి పంపేది."

భవ్య తల్లి వైపు కళ్ళు పెద్దవి చేసి చూసింది. "దూరమంటే పనులు రోజంతటికీ పరుస్తుంది. దగ్గరంటే పూటకు సరిపడా పెడుతుంది. అమ్మా! ఇది చాలే!"

ఆ సాయంత్రమే మాట రికార్డు చేశారు. బీరువా గదిలో తలుపులు వేసి, ఫ్యాను ఆపి, భవ్య మంచం మీద కూర్చుంది. శబ్దం గోడలకు కొట్టి తిరిగి రాకుండా కోటిరత్నం పాత బొంత తెచ్చి కూతురి నెత్తి మీదుగా గుడారంలా పట్టుకుంది. చేతులు లాగుతున్నా దించలేదు. మొదటిసారి పక్కింటి కుక్కర్ కూత వేసింది. రెండోసారి కోటిరత్నానికే తుమ్ము వచ్చింది. బొంత కింద నుంచి భవ్య నవ్వు ఆగలేదు. ఆ తరవాత గొంతు సర్దుకుని, "నమస్కారం. దూరమా, దగ్గరా?" అంది. ఎదురింటి మనిషి గోడ మీద నుంచి పలకరించినట్టుంది.

మంగళవారం మాలకొండయ్య సాయంత్రం వేళకే ఇల్లు చేరాడు. కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు.

"ఏమే, నీ కూతురు నా పరువు తీసిందే ఇవాళ."

"ఏం చేసింది?"

"ఇంకొల్లు దగ్గర ఒకాయన పత్తి చూసి, కారెక్కి, అమ్మాయ్, రాసుకో, ఈయన పత్తి బయట తెలుపు, లోపల తేమ, అన్నా. ఇదేమో, 'రాసుకున్నాను. ఈయన పత్తి బయట తెలుపు, లోపల తేమ' అని ఊరంతటికీ వినపడేటట్టు అప్పజెప్పింది. అద్దం దించి ఉందే! ఆయన కారు పక్కనే ఉన్నాడు!"

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? 'ఎవరా అమ్మాయి? బేరం ఆమెతోనే మాట్లాడతా, నువ్వు పక్కకు జరుగు' అన్నాడు."

భవ్య పడీ పడీ నవ్వింది. కోటిరత్నం నవ్వుతూనే అతని ఎడమ చేతి వైపు చూసింది. అరచెయ్యి శుభ్రంగా ఉంది. పత్తి పీకి పీకి వేళ్ళ చివర్లు పొడిబారి ఉన్నాయి గాని, సిరా చుక్క లేదు. ఆ పూట ఆమె ఇంకో ముద్ద ఎక్కువ తిన్నది.

"పొద్దున అది అడిగితే ఏమన్నావు నాన్నా?" అంది భవ్య.

"దగ్గరే అన్నా. నువ్వు ఏ ఊరైనా పంపు, నేను దగ్గరే అంటా. దూరమని ఎవడంటాడు? ఇంట్లో వాళ్ళు వింటంటే."

బుధవారం మంచు బాగా పట్టింది. ఎదురిల్లు కనపడలేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల వైపు నుంచి ఎవరో దగ్గుతున్నట్టు వినపడింది గాని మనిషి కనపడలేదు. పాత షీటులో చివరి బిళ్ళ మాలకొండయ్య కాఫీతో మింగాడు. కోటిరత్నం కొత్త షీటు తీసి సంచీలో అన్నిటికన్నా పైన పెట్టింది.

"మంచు విడిచాక పోరాదా?"

"మంచు విడిచేసరికి బేరగాళ్ళంతా లేస్తారే." సంచీ తనే తీసుకున్నాడు. "పోయొస్తా."

తాళం తిప్పాడు. "నమస్కారం. దూరమా, దగ్గరా?" అంది కారు.

"దగ్గరేనమ్మా" అన్నాడు మాలకొండయ్య.

గేటు దగ్గర నిలబడ్డ కోటిరత్నం ఆ మాట విన్నది. ఆమె గుండె కుదుటపడింది. కారు వెనక ఎర్ర దీపాలు మంచులో కాసేపు కనపడి, కలిసిపోయాయి.

ఆ రాత్రి రాలేదు. పత్తి రోజుల్లో అది కొత్త కాదు. ఫోను కలవలేదు. అదీ కొత్త కాదు. గురువారం మధ్యాహ్నం పీరు లారీ వేసుకుని గేటు ముందు ఆపేసరికి మాత్రం, కోటిరత్నం చేతిలో చాట కింద పెట్టేసింది. పీరు ఎప్పుడూ ఫోను రాకుండా రాడు.

"అక్కా, అన్న పొద్దున్నే ఫోన్ చేస్తానన్నాడు. లోడు ఉంటది, బండి ఎవరికీ ఒప్పుకోవాకు అన్నాడు. ఫోన్ లేదు. ఏ ఊరెళ్ళాడక్కా?"

కోటిరత్నం నోరు తెరిచింది. అన్నేళ్ళ కాపురంలో ఆమెకు మొదటిసారి ఆ సంగతి తెలిసొచ్చింది. అతను ఏ ఊరు వెళ్ళాడో ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

భవ్య లోపలికి పరుగెత్తి కంప్యూటరు తెరిచింది. బుధవారం తండ్రి ఫోను నుంచి వచ్చి చేరింది ఒక్క మాటే. మీట నొక్కింది. "దగ్గరేనమ్మా."

పోలీసు స్టేషన్లో ఎస్సై గారు మర్యాదగా కుర్చీ వేయించారు. "ఎక్కడికని చెప్పి వెళ్ళారమ్మా?"

"మేం అడగమండి" అంది కోటిరత్నం.

ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూశారు. ఆయన తల్లి కూడా అడగదేమో, తల ఊపి ఊరుకున్నారు. భవ్య ఫోనులో ఆ మాట వినిపించింది. దగ్గరే అన్నాడు కాబట్టి దగ్గర వెతకడం మొదలుపెట్టారు. ఇంకొల్లు దారి, మార్టూరు దారి, చుట్టుపక్కల డొంకలు. మంచులో కారు కాలవలోకి జారి ఉంటుందని ఎవరో అన్నారు. శుక్రవారం పొద్దుటి నుంచి పీరూ, ఇంకో పది మందీ వెదురు గడలతో కాలవ పొడవునా నీళ్ళు పొడిచారు. కోటిరత్నం గట్టు మీద నిలబడి చూసింది. గడ దిగబడిన ప్రతిసారీ ఆమె కళ్ళు మూసుకుంది. గడకు నాచు తప్ప ఏమీ తగలనప్పుడు, తెరిచింది. 

సాయంత్రం స్టేషన్ నుంచి కబురు వచ్చింది. మాలకొండయ్య ఫోను చివరిసారి పలికింది చీమకుర్తి వైపు టవరు కింద.

"చీమకుర్తి ఏంటండీ, అంత దూరం! దగ్గరేనన్నాడు, నా చెవులతో విన్నాను" అంది కోటిరత్నం. అని, తన మాట తనకే వినపడి, నీళ్ళు పొడవడం ఆపమని పీరుకు చెయ్యి ఊపింది. దూరమని ఎవడంటాడు, ఇంట్లో వాళ్ళు వింటంటే.

శనివారం పొద్దున చీమకుర్తి దాటాక, పని ఆపేసిన ఒక పాత క్వారీలో కట్టెలకు దిగిన ఒడిశా కూలీలకు కారు కనపడింది. మెయిన్ రోడ్డు నుంచి మట్టిరోడ్డు మీదికి తిరిగే వంపులో ఎదురుగా రాళ్ళ లారీ వచ్చి ఉంటుందనీ, మంచులో అంచు తెలియక జారి ఉంటుందనీ పీరు చెప్పాడు. కింద ముళ్ళ చిల్లచెట్లు కమ్ముకుని ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి చూస్తే ఏమీ కనపడదు. రోడ్డు మీద మాత్రం రాత్రింబగళ్ళు లారీలు తిరుగుతూనే ఉన్నాయి.

మాలకొండయ్య సీట్లోనే ఉన్నాడు. కాళ్ళు రెండూ ఇరుక్కుని ఉన్నాయి. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి.

అంత్యక్రియలైన మర్నాడు పీరు సంచీ తెచ్చి గడప పక్కన పెట్టాడు. కోటిరత్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని, సర్దిన చేతులతోనే ఒక్కొక్కటీ బయటికి తీసింది. బీపీ బిళ్ళల షీటు, చెయ్యి పెట్టగానే తగిలింది. అందులో ఒక గుంట ఖాళీగా ఉంది.

ఆమె దాన్ని వెలుగులోకి తిప్పి చూసింది. రేకు చిల్లి చుట్టూ వేలితో తడిమింది. బుధవారం బిళ్ళ ఇంట్లో మింగాడు, ఆమె చూస్తుండగా, కాఫీతో. అతను రోజుకు ఒకటే వేసుకుంటాడు, పొద్దున్నే.

డబ్బా తీసింది. ఖాళీ. పచ్చడి గిన్నె వేలితో తుడిచినట్టు శుభ్రంగా ఉంది. నీళ్ళ సీసా ఖాళీ. మూత మళ్ళీ గట్టిగా బిగించి ఉంది.

"భవ్యా" అంది. ఇంకోసారి, "భవ్యా. మీ నాన్న గురువారం పొద్దున బిళ్ళ వేసుకున్నాడే" అంది.

భవ్య తల్లి చేతిలోని షీటు వైపు చూసింది. అర్థమయ్యేదాకా చూస్తూనే ఉంది. గురువారం పొద్దున వాళ్ళిద్దరూ ఈ వసారాలోనే ఉన్నారు. కోటిరత్నం బియ్యం చెరుగుతోంది. మాలకొండయ్య బతికే ఉన్నాడు. బిళ్ళ వేసుకుని, ఇవాళ ఎవరో ఒకరు వస్తారని కూర్చున్నాడు.

స్టేషన్ వాళ్ళు ఫోను ఇచ్చాక భవ్య దానికి చార్జింగు పెట్టింది. ఇంట్లో నెట్ తగలగానే, అది తన కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా కంప్యూటరులోకి పంపడం మొదలుపెట్టింది. క్వారీ గుంటలో సిగ్నల్ లేదు. సిగ్నల్ లేనప్పుడు చెప్పిన మాట పోకూడదని, దాచి ఉంచి తరవాత పంపేటట్టు చేసింది భవ్యే. ఫోను పట్టీలో బిగించినచోటే, అతని చేతికి అందనంత దూరంలో, మాట వినపడేంత దగ్గరలో ఉండిపోయింది.

"వద్దులేమ్మా, నువ్వు లోపలికెళ్ళు" అంది భవ్య.

కోటిరత్నం కుర్చీ లాక్కుని కూర్చుంది. భవ్య మీట నొక్కింది.

"అమ్మాయ్."

"చెప్పండి."

"అమ్మకు ఫోన్ చెయ్యి."

"ఇప్పుడు సిగ్నల్ లేదు. గుర్తు పెట్టుకుంటాను."

"పీరుకు చెయ్యమ్మా."

"ఇప్పుడు సిగ్నల్ లేదు. గుర్తు పెట్టుకుంటాను."

చాలాసేపు లారీల రొద. ఆ తరవాత మళ్ళీ. "అమ్మాయ్, రాసుకో. చీమకుర్తి దాటాక ఎడం చేతి మట్టిరోడ్డు. పాత క్వారీ. చిల్లచెట్ల కింద."

"రాసుకున్నాను. చీమకుర్తి దాటాక ఎడం చేతి మట్టిరోడ్డు. పాత క్వారీ. చిల్లచెట్ల కింద."

అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ప్రతిసారీ భవ్య గొంతు రాసుకున్నాను అంది, తడబడకుండా, విసుక్కోకుండా, బొంత కింద కూర్చుని పలికినంత హాయిగా. చివర్లో అతని మాట గొణుగుడైపోయింది.

"అమ్మాయ్. మీ అమ్మ ఎట్టాగూ అడగదు. నువ్వన్నా అడగవే, ఎక్కడున్నావు నాన్నా అని."

"చెప్పండి, వింటున్నాను."

భవ్య రెండు చేతులతో నోరు మూసుకుంది. కోటిరత్నం కంప్యూటరు వైపు చూడలేదు. పక్కన కూర్చున్న కూతురి గొంతు వైపే చూస్తోంది.

పెద్దకర్మ అయిన తరవాత శ్యామ్ సుందర్ సార్ ఫోను చేశాడు. భవ్య స్పీకరులో పెట్టింది. ముందు చాలాసేపు ఓదార్పు మాటలు చెప్పాడు. మంచివాడే. తరవాత గొంతు తగ్గించి, "ఇప్పుడు చెప్పొచ్చో లేదో గాని భవ్యా, అందరూ వాడుతున్నారు. ఆ ఒక్క ప్రశ్న మార్చాక ఎవరూ ఆపట్లేదు. 'దూరమా, దగ్గరా' అంటే మనింట్లో మనిషి అడిగినట్టుందంటున్నారు. అదే ఉంచేద్దాం" అన్నాడు.

"వాళ్ళేం చెబుతున్నారు సార్, జవాబు?" అంది భవ్య.

"దాదాపు అందరూ దగ్గరే అంటున్నారు. ఎందుకు?"

కోటిరత్నం లేచి వచ్చి ఫోను పుచ్చుకుంది. "తీసెయ్యండయ్యా ఆ మాట. ఎక్కడికని అడగమనండి."

"అమ్మా, అట్లా అడిగితే ఆపేస్తారండి. మీకు తెలియంది కాదు."

"ఆపనీండి. ఆపితే కారు దిగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. మా ఇంటాయన మొదటి రోజు అట్టాగే చేశాడు. ఆ రోజు క్షేమంగా తిరిగొచ్చాడు." కొంచెం ఆగింది. "ఎక్కడికని అడగమనండి. అడిగాక, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరమని కూడా చెప్పించండి. అప్పుడు ఎవరికీ కీడు ఉండదు. చెప్పిన ఊరి పేరు కంపెనీకి వద్దు. వాళ్ళింటికి చేరిస్తే చాలు."

"చేసి పంపమనండి. చూద్దాం" అన్నాడు శ్యామ్ సుందర్.

ఆ మధ్యాహ్నం బీరువా గది తలుపులు వేసి, ఫ్యాను ఆపారు. భవ్య మంచం మీద కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా 'నమస్కారం' దాటి గొంతు ముందుకు పోలేదు. కోటిరత్నం పట్టుకున్న బొంత దించి, కూతురి చేతికిచ్చింది.

"జరుగు. నేను కూర్చుంటా. నువ్వు పట్టు."

బొంత కింద చీకటిగా, పాత నూలు వాసనగా ఉంది. ఆమె ఊపిరి ఆమెకే వినపడుతోంది. చిన్నప్పటి నుంచి పలకని మాట. నాలుక మీద బరువుగా ఉంది.

"ఎక్కడికి వెళ్తున్నారు?" అంది కోటిరత్నం.

మర్నాడు పీరు వాకిట్లో మిగిలిన ఖాళీ బోరాలు లారీలో వేసుకుని, "పోయొస్తా అక్కా" అని తలుపు పట్టుకున్నాడు. కోటిరత్నం గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది.

"ఎక్కడికి అబ్బాయ్?"

పీరు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఆమె మొహంలోకి చూశాడు. లారీ దగ్గర నుంచి వచ్చి వసారా బల్ల మీద కూర్చున్నాడు. ఆమె తెచ్చిన చెంబు రెండు చేతులతో అందుకుని, పూర్తిగా తాగాడు. మీసం తుడుచుకున్నాడు.

"దర్శి అక్కా. దర్శిలో తూర్పు వీధి. సాయంత్రానికి వస్తా."

"దర్శి" అంది కోటిరత్నం. ఇంకోసారి మనసులో అనుకుంది. పీరు సాయంత్రానికి వచ్చాడు.

మాలకొండయ్య 2024 డిసెంబరు పద్దెనిమిదో తేదీ, బుధవారం పొద్దున పర్చూరు నుంచి బయల్దేరి వెళ్ళాడు. తిరిగి రాలేదు.